వాదీలో వదిలిన కారు

కారుకు చక్రాలు లేవు. నాలుగు మూలలా రాళ్లు పేర్చి, వాటి మీద కూర్చోబెట్టి వెళ్లారు. బానెట్ తెరిచి ఉంది. డ్రైవరు వైపు తలుపు లేదు, వెనక లైట్లు లేవు, పక్క అద్దాలు లేవు, లోపల సీట్లు కూడా కనిపించలేదు. వాగు మధ్యలో ఇంకా మోకాలి లోతు బురదనీళ్లు పారుతుండటంతో నేనూ మా బామ్మర్దీ గట్టు మీదే నిలబడి చూశాం. ముందురోజు ఇదే గట్టు మీంచి చూసినప్పుడు కిటికీల దాకా నీళ్లున్నా కారు కారులాగే ఉంది. నీళ్లు తగ్గడం కోసం మేం ఎదురుచూసినట్టే ఇంకెవరో కూడా ఎదురుచూశారన్నమాట.

"చూడు బావా, ఎంత అన్యాలం చేసిండ్రో," అన్నాడు మా బామ్మర్ది.

నేను కారును చూడటం మానేసి వాణ్ని చూశాను.

వాడు నా భార్యకు తమ్ముడు. మాది జగిత్యాల వైపు. కంపెనీలో వాళ్లనీ వీళ్లనీ బతిమాలి వీసా తీయించి వాణ్ని మస్కట్ రప్పించింది నేనే. నగరం శివారు సీబ్ అవతల గ్యారేజీలన్నీ ఒకచోట ఉండే ఏరియాలో, ఒక టైర్ల షాపులో పని, అక్కడే రూములో బస. చక్రాలు విప్పడం, బిగించడం వాడి డ్యూటీ. వాడు నడుపుతుండగా నీళ్లలో చిక్కిన నా కారుకు ఇప్పుడు చక్రాలు లేవు. ఈ రెండు సంగతులూ ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుని ఊరికే ఉండటం నావల్ల కాదు.

నాకు అనుమానం పుట్టుకతోనే ఉంది. ఉద్యోగం దానికి జీతం కూడా ఇచ్చింది. రూవిలో ఒక కాంట్రాక్టింగ్ కంపెనీ గోదాములో స్టోర్ కీపర్ని. సిమెంటు బస్తా చిరిగిందంటే ఎక్కడ చిరిగింది, ఎలా చిరిగింది, చిరిగిందా చించారా అని అడగడమే నా పని. ఇరవై మంది కూలీలు నా వెనక నన్ను పోలీసు అంటారని నాకు తెలుసు. అందులో నాకు చిన్నతనమేమీ లేదు. గోదాములో ఇన్నేళ్లుగా ఒక్క మేకు కూడా పోలేదంటే అది ఊరికే జరిగిందా?

వాడు చెప్పిన కథ ఇది. వాడి వారపు సెలవు నాకు డ్యూటీ ఉండే రోజున వస్తుంది. నేను కంపెనీ పికప్‌లో వెళ్తాను కాబట్టి ఆ రోజు మా కారు మేం ఉండే దార్సైట్‌లో ఇంటి కిందే ఉంటుంది. బ్రేకులు చూపిస్తానని వాడు తీసుకెళ్లాడు. సీబ్ దాటాక అడ్డదారి అని వాదీలో దిగాడు. నీళ్లు ఒక్కసారిగా వచ్చాయి. కారు వదిలేసి గట్టెక్కాడు.

వాదీ అంటే మన వాగే. ఏడాదంతా ఎండి ఉంటుంది. ఇసుక, గుండ్రాళ్లు, అక్కడక్కడా మేకలు. మన వాగు కాస్త మర్యాద తెలిసినది, ముందు మన నెత్తి మీద వాన పడుతుంది, తర్వాతే అది పారుతుంది. ఇక్కడ అలా కాదు. నీ నెత్తిన ఎండ కాస్తుంటుంది, వాన ఎక్కడో కొండల మీద పడుతుంది, నీళ్లు మాత్రం నీ కాళ్ల కిందికి వస్తాయి. కొత్తగా వచ్చిన మనవాళ్లు ఆకాశం చూసి ఏం లేదులే అని దిగుతారు. కొండ వైపు చూడాలని ఎవరికీ తోచదు. ఆ రోజు సీబ్‌లో చినుకు పడలేదు. అంతవరకు వాడి మాట నిజమే.

కానీ ఆ కథలో అడ్డదారి ఒక్కటే నిలవలేదు. బ్రేకులు చూపించేవాడు వాడి షాపు పక్కనే ఉంటాడు. ఆ షాపు రోడ్డుకు ఇటువైపు. వాదీ అటువైపు. ఎక్కడికి అడ్డదారి? ఇంట్లో కూర్చోబెట్టి అదే అడిగాను.

"గట్లనే పోతరు బావా అందరు," అన్నాడు.

"అందరూ ఎవరురా?"

"అందరంటే... షాపోళ్లు."

సమాధానం చెప్పే ముందు వాడి కళ్లు వంటింటి వైపు వెళ్లాయి. అక్కడ మా ఆవిడ ఉంది. "పానంతోని తిరిగచ్చిండు, గది చాలదా? కారు పోతే పోయింది," అని లోపలి నుంచే అంది. కారు పోతే పోయింది! రెండు రియాళ్లు ఎక్కువైందని టాక్సీవాడితో వీధిలో పంచాయితీ పెట్టే మనిషి అనే మాటేనా అది? అయితే ఆమె తమ్ముడి పక్షం పట్టడం కొత్త కాదు కనుక ఆ మాటను ఆ లెక్కలోనే వేసేశాను.

ఇంకొకటి కూడా చూశాను, చూసి వదిలేశాను. కారు నీళ్లలో చిక్కిన సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి ఆమె తలస్నానం చేసి ఉంది. బాల్కనీలో బట్టలు ఆరేసి ఉన్నాయి, వాడివీ ఆమెవీ. బురదలో పడి వచ్చినవాడి బట్టలతో పాటు తనవి కూడా వేసిందేమో అనుకున్నాను. నా అనుమానం ఎప్పుడూ గడప బయట తిరిగేది. ఇంట్లోకి రావడం దానికి అలవాటు లేదు.

తర్వాతి రోజుల్లో నా దొంగను నేనే పట్టుకుంటానని బయల్దేరాను. కంపెనీ పికప్‌ను సొంత పనికి వాడనివ్వరు కనుక, డ్యూటీ అయ్యాక ఎవరో ఒకరి బండి పట్టుకుని పాత సామాన్ల షాపులున్న సందులన్నీ తిరిగాను. ఆ వాన తర్వాత ఆ సందులు చూడాలి. వరదలో వదిలేసిన కార్ల సరుకంతా అక్కడికే చేరింది. సీట్లు బారుగా ఎండలో పెట్టారు, పెళ్లి అయిపోయిన ఇంటి ముందు కుర్చీల్లాగా. ప్రతి సీటు మీదా నీళ్లు ఎంతవరకు వచ్చాయో బురద గీత ఉంది. బ్యాటరీలు ఒక గుట్ట, స్టీరింగులు ఒక గుట్ట. ఎక్కడివని ఎవర్ని అడిగినా ఒకటే జవాబు, కంపెనీ వేలంలో కొన్నాం భాయ్ అని. అన్ని కంపెనీలు ఒకే వారంలో వేలం వేశాయా అని అడిగితే ఒక షాపులోని పఠాన్ నవ్వి చాయ్ తెప్పించాడు. ఆ చాయ్ కూడా అనుమానంగానే తాగాను.

నా సీటును నేను గుర్తుపట్టగలననుకున్నాను. ఏళ్ల తరబడి కూర్చున్న సీటు. తీరా వెళ్లి చూస్తే అన్నీ ఒకటే బూడిద రంగు, అన్నీ ఒకటే బురద. నాలుగైదింటి మీద కూర్చుని కూడా చూశాను. షాపువాడు నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూశాడు. ఆ రోజు ఇంటికి వస్తూ నాకు ఏడుపొచ్చినంత పనైంది. కారు పోయినందుకు కాదు. నా కళ్ల ముందే నా వస్తువు ఉండవచ్చు, అమ్మేవాడు నా మొహంలోకి చూసి నవ్వవచ్చు, నేను ఏమీ చేయలేను. అదీ కోపం. ఆ కోపం ఎవరో ఒకరి మీద దిగాలి కదా. మా బామ్మర్ది అందుబాటులో ఉన్నాడు.

అదే సమయంలో వాడూ వాళ్లక్కా ఫోన్లో గుసగుసలు మొదలుపెట్టారు. నేను గదిలోకి రాగానే "సరే తమ్మీ, ఉంట" అని ఆమె పెట్టేసేది. ఏమిటంటే ఏం లేదనేది. ఇంటికి వచ్చినప్పుడల్లా మాటకు ముందే నవ్వే పిల్లవాడు ఇప్పుడు నా ముందు కూర్చోవడానికే జంకుతున్నాడు. తప్పు చేయనివాడు ఎందుకు జంకాలి?

ఈలోగా పోలీసులు కారు మీద కాగితం అంటించారని తెలిసింది. ఓనరు స్టేషన్‌కు వచ్చి, కారు అక్కడ ఎవరు వదిలారో, ఎలా వదిలారో చెప్పి తీయించుకోవాలి. ఇక్కడే అసలు చిక్కు. పారే వాదీలోకి బండి దింపడం ఈ దేశంలో కేసు. కేసు పడితే మాలాంటివాళ్లకు ముందు వీసాకే ఎసరు వస్తుందని మనవాళ్లుండే రూముల్లో అందరి భయం. నేను వాడి పేరు చెబితే, దానికి తోడు టైర్ల షాపు సంగతి కూడా చెబితే, వాడు పెట్టె సర్దుకోవాల్సిందే. దొంగ అనే పేరుతో జగిత్యాల బస్టాండులో దిగాల్సిందే. వాడు ఇంటి మీద తీసిన బాకీ తీరనే లేదు, వాడికి పెళ్లి మాటలు జరుగుతున్నాయి. అదంతా నాకు తెలుసు. తెలిసే, నమాజు కోసం షాపులు మూసే శుక్రవారం మధ్యాహ్నం వాణ్ని భోజనానికి పిలిచాను.

బగారన్నం, కోడికూర వండింది మా ఆవిడ. వాడు ముద్ద నోట్లో పెట్టుకునే దాకా ఆగి అడిగాను.

"చక్రాలు ఎవరికి ఇచ్చినవురా?"

వాడికి పొలమారింది. ఆమె నీళ్ల గ్లాసు వాడి ముందు పెట్టి నా వైపు తిరిగింది. "ఏం మాటలవి? వాడు దొంగనా?"

"నేను వాణ్ని అడుగుతున్న. గట్టు మీంచి చూస్తెనే తెలిసింది, నాలుగు చక్రాలు నీటుగ పోయినయి, ఎక్కడ ఒక్క దెబ్బ లేదు. పని వచ్చినోడు విప్పిండు. వాదీలో కారున్నదని వీనికే తెలుసు. నిజం చెప్తే ఇంట్లనే తేల్చుకుందాం. లేకుంటే రేపు స్టేషన్‌ల వీని పేరే చెప్తా."

వాడు చేయి కడుక్కోలేదు. పళ్లెంలోకి చూస్తూ, "చెప్పు బావా. నా పేరే చెప్పు. నేనే నడిపిన, నేనే వదిలిన. కని చక్రాలు మాత్రం నేను తియ్యలే," అన్నాడు.

కొట్లాడతాడనుకున్నాను. అక్క చాటుకు పోతాడనుకున్నాను. ఇంత సుళువుగా ఒప్పుకునేసరికి నా అనుమానం ఇంకా పెరిగింది. పెద్దది దాచుకునేవాడే చిన్నదానికి వెంటనే తల ఊపుతాడని గోదాములో ఎన్నిసార్లు చూడలేదు! మా ఆవిడ ఏదో అనబోయింది. వాడు "అక్కా, నువ్వూకో," అన్నాడు. ఆమె అన్నం వదిలేసి లేచి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున పనికి సెలవు చెప్పి నేనూ వాడూ టాక్సీలో బయల్దేరాం. స్టేషన్‌కు వెళ్లే ముందు కారును దగ్గర నుంచి ఫోన్లో ఫొటో తీసుకుందామన్నాను. ఇప్పుడు వాదీ ఎండిపోయింది, బురద పెచ్చులు పెచ్చులుగా లేచింది. మొదటిసారి కారు పక్కన నిలబడ్డాను. లోపల చూడటానికి ఏమీ మిగల్లేదు. సీట్లు లేవు, స్టీరింగ్ లేదు, రేడియో ఉన్నచోట తీగలు వేలాడుతున్నాయి. కాళ్ల కింద పరిచే చాపలు కూడా పీక్కెళ్లారు. ధర పలికే ప్రతిదీ పోయింది.

ధర పలకనిది ఒకటి ఉంది. సీట్లు ఊడబీకిన తర్వాత నేల మీద, డ్రైవరు కూర్చునే చోట, బురదలో నానిపోయి ఒక మెత్త, చిన్న దిండు. ఎవరికి కావాలి దొంగిలించడానికి? కాలితో కదిపితే తిరగబడింది. ఎర్ర గుడ్డ మీద అద్దాల కుట్టు. మా సోఫా మీద మెత్త అది. చినిగింది, పారేశానని మా ఆవిడ చెప్పిన మెత్త.

మొదట నా బుద్ధి ఎటు పోవాలో అటే పోయింది. వీడు ఎవరినో కార్లో తిప్పుతున్నాడనుకున్నాను. "ఇదేందిరా?" అన్నాను. నేను మళ్లీ గట్టిగా అడగబోయి వాడి వైపు తిరిగాను. వాడు ఆరడుగుల మనిషి. ఆ కార్లో ఊరికే కూర్చుంటేనే వాడి తల టాపుకు తగిలేది, మెడ వంచి నడుపుతాడని మేము ఎన్నోసార్లు ఆటపట్టించాం. వాడు మెత్త వేసుకుని ఎలా కూర్చుంటాడు? నాకూ దాని అవసరం లేదు. స్టీరింగ్ పైనుంచి రోడ్డు కనపడని మనిషి మా ఇంట్లో ఒక్కతే ఉంది.

"మీ అక్కనా?" అన్నాను.

వాడు గట్టు వైపు చూస్తూ, "నేర్పమని మస్తు రోజుల సంది అడిగింది బావా. రోడ్డు మీద నేర్పుడు తప్పు గదా, వాగుల ఎవ్వరుండరు, ఎవ్వలకు తాకది అనుకున్న. మన ఊర్ల వాగులనే కదా నేను ట్రాక్టర్ నేర్చుకున్నది. మంచిగనే తిప్పుతుండె. నీళ్లు ఎట్లొచ్చినయో తెల్వది. అక్కను గుంజుకొచ్చుడే అయ్యింది," అన్నాడు.

స్టేషన్‌కు వెళ్లలేదు. టాక్సీని ఇంటికి తిప్పమన్నాను. దారంతా నాలో కోపమే. నా ఇంట్లో, నా కారులో, నాకు తెలియకుండా! ఎందుకు? ఎక్కడికి వెళ్లాలని? నాకు లైసెన్సు ఉంది, కారుంది, కూరగాయల దగ్గర్నుంచి గుడి దాకా నేనే తిప్పుతున్నాను. కూతురు హైదరాబాద్‌లో చదువుకు పోయాక ఇంట్లో ఇద్దరమే. ఇద్దరికీ ఇద్దరు డ్రైవర్లా?

బురద మెత్త తెచ్చి గడప దగ్గర పడేశాను. మా ఆవిడ దాన్ని చూసింది, నన్ను చూసింది, తమ్ముడిని చూసింది. ఏమీ బుకాయించలేదు.

"ఎందుకు?" అన్నాను.

"నీ కోసమే."

"నాకోసమా? నేను నడుపుతలేనా?"

"నువ్వు నడుపుతవు," అంది. "ఫ్లైఓవర్ దిగుతున్నప్పుడు నీ తల పక్కకు వాలింది. యాదికున్నదా? కారు పోతనే ఉన్నది. నాకు బ్రేకు ఏదో తెల్వది, స్టీరింగ్ ఎట్ల తిప్పాల్నో తెల్వది. నాకు ఎరుకైంది హారన్ ఒక్కటే. గదే ఒత్తుకుంట కూసున్న. ఒత్తుకుంట, దేవుణ్ని మొక్కుకుంట కూసున్న. కారు గోడకు రాసుకుని ఆగింది. నువ్వు లేచి ఏమన్నవు? ఎండ అన్నవు. ఎవలకు చెప్పద్దని నాతోని ఒట్టు పెట్టించుకున్నవు."

నాకు గుర్తుంది. నాకు షుగరుంది, ఆ పొద్దున ఏమీ తినలేదు. డాక్టరు దగ్గరికి వెళ్తే కాగితం రాస్తాడు, కాగితం ఆఫీసుకు చేరుతుంది, లైసెన్సు పోతుంది. లైసెన్సు పోతే నా స్టోరు పని కూడా పోయినట్టే. సైట్లకు పికప్ నడిపేది నేనే. అందుకే ఎండ అన్నాను. పైగా అది నిజంగా ఎండ వల్లేనని నన్ను నేను నమ్మించుకున్నాను కూడా.

"నాకు చెప్పి నేర్చుకుంటే అయిపోతుండె గదా," అన్నాను.

"చెప్తే ఒప్పుకుందువా? నాకేం రోగమా అని లేస్తవు. ఇంటికచ్చిన చుట్టాన్ని అనుమానం పడ్తవు, గోదాంల మేకును అనుమానం పడ్తవు. నీ మీద నీకు ఎన్నడన్న అనుమానం అచ్చిందా?" ఆమె వంగి బురద మెత్తను చేతిలోకి తీసుకుంది. "నాకు రోజు అస్తది. పికప్ తీస్కపోయినవంటే నువ్వు ఫోన్ చేసెదాంక నాకు అన్నం పోదు."

నాకు సిగ్గేసింది, కోపమూ పోలేదు. రెండూ ఒకేసారి ఉండవచ్చని నాకప్పుడే తెలిసింది.

స్టేషన్‌కు వెళ్లక తప్పదు. ముగ్గురం వెళ్లాం. దారిలో నేను ఒక నిర్ణయానికి వచ్చాను. కారు నాది, లైసెన్సు నాది, నేనే నడిపాననీ నేనే వదిలాననీ చెప్పేస్తే గొడవ వదిలిపోతుంది. ఆ సంగతి వాళ్లిద్దరికీ చెప్పలేదు. వాళ్లు ఏమనుకుని వచ్చారో నాకూ చెప్పలేదు.

బల్ల వెనక ఒమానీ ఆఫీసరు, వయసులో పెద్దవాడు, మనతో మనలాగే హిందీ మాట్లాడతాడు. కాగితాలు చూసి, "గాడీ కౌన్ చలా రహా థా?" అని అడిగాడు, బండి ఎవరు నడిపారని.

"మై," అన్నాను నేను.

"మై," అన్నాడు మా బామ్మర్ది.

"మై," అంది మా ఆవిడ.

ఆఫీసరు పెన్ను కింద పెట్టాడు. ఒక స్టీరింగ్‌కు ముగ్గురు డ్రైవర్లేమిటని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపేసి, ఒక్కొక్కరినీ విడిగా చూశాడు. మా ఆవిడే ముందు మాట్లాడింది. రూవి కూరగాయల షాపుల్లో నేర్చుకున్న హిందీలో, భర్తకు చెప్పకుండా నేర్చుకుంటున్నది తనేననీ, నీళ్లు వచ్చినప్పుడు నడుపుతున్నది తనేననీ, తమ్ముడు తన ప్రాణం కాపాడాడనీ చెప్పింది. ఆయన వాడి కార్డు తీసుకుని చూశాడు. ఏం పని అని అడిగాడు. టైర్ల షాపు అన్నాడు వాడు.

ఆయన కారు ఫొటో వైపు చూశాడు, రాళ్ల మీద కూర్చున్న కారు. మళ్లీ వాడి వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. గట్టు మీద నేను వాణ్ని చూసిన చూపు అదే. బయటి నుంచి చూస్తే ఎంత భయంగా ఉంటుందో అప్పుడు తెలిసింది. వాడు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"భర్తకు లైసెన్సు ఉంది," అన్నాడు ఆఫీసరు హిందీలోనే, మెల్లగా. "డ్రైవింగ్ స్కూళ్లున్నాయి. మరి తమ్ముడితో, భర్తకు తెలియకుండా, మనుషులు లేని వాదీలోకి ఎందుకు వెళ్లారు? ఇందులో ఏదో ఉంది. నిజం చెప్పండి."

మా ఆవిడకు జవాబు తెలుసు. ఒక్క మాట చెబితే తమ్ముడు బయటపడతాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల చూసింది. నాకు వేసిన ఒట్టు అది. మా బామ్మర్దికీ తెలుసు. వాడు గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ నిలబడ్డాడు. నన్ను చెప్పమని ఇద్దరిలో ఒక్కరు కూడా నా వైపు తిరగలేదు. నేను చెప్పనని వాళ్లకు అంత నమ్మకం.

"వాళ్లలో ఏమీ లేదు సాబ్," అన్నాను. "నాలో ఉంది. నాకు షుగరు. కారు నడుపుతూ నడుపుతూ స్పృహ తప్పాను. ఈమె పక్కన ఉంది. అందుకే నేర్చుకుంటోంది."

ఆయన మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ చెప్పాను. ఇంకా పికప్ నడుపుతున్నావా అని అడిగాడు, నడుపుతున్నానన్నాను. లైసెన్సు కోసం ఆయన చేయి చాపలేదు. నేనే పర్సులోంచి తీసి బల్ల మీద పెట్టాను.